గోడవైపు తిరిగిన సీసాలు

పెలికన్ బెండ్‌లో నది పక్కనున్న వృద్ధుల హోములో తలంట్లు పోయడం వెర్నా పని. ఉద్యోగం కాగితంలో దానికి చాంతాడంత పేరుంది గానీ ఊళ్లో ఎవరూ దాన్ని వాడరు. వెర్నా ఆంటీ చేత తల రుద్దించుకుంటే ఆ పూట నిద్ర బాగా పడుతుందని ముసలివాళ్లు వంతుల కోసం పోట్లాడుకుంటారు. ఆవిడ చేసేది పెద్ద విద్యేం కాదు. గిన్నెలో కాస్త షాంపూ పోసి, అందులో టీ ట్రీ నూనె రెండు మూడు చుక్కలు కలిపి, కుదుళ్లకు పట్టించి, నెమ్మదిగా రుద్దుతుంది. చుండ్రు తగ్గుతుంది, దురద పోతుంది. పిల్లలు వారానికోసారి ఫోను చేసి ఊరుకునే ఆ ముసలివాళ్ల నెత్తిన ఒక మనిషి చెయ్యి కాసేపు ఉంటుంది.

ఆ నూనె సీసా మీద వెర్నా వాళ్ల అక్క బొమ్మ ఉంటుంది.

అక్క పేరు ఇక్కడ రాయడం కుదరదు. చలికాలం చివర్లో ఆవిడ పోయింది. పోయినవాళ్ల పేరు పలికినా, బొమ్మ బయట కనబడుతున్నా, వెళ్లాల్సిన ప్రాణం వెళ్లలేక వెనక్కి చూస్తూ ఉండిపోతుంది. అందుకని వెర్నా వాళ్ల ఆదివాసీ తెగ, బంజలాంగ్ వాళ్ల ఇళ్లలో ఫొటోలు గోడకేసి తిప్పేస్తారు. ఇక చాలు, మళ్లీ తిప్పండి అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేదాకా అవి అలాగే ఉంటాయి. పోస్టాఫీసులో అక్క పేరే ఉన్న తెల్లపిల్ల ఒకతి ఉంది. అందరూ ఆ పిల్లను 'స్టాంపులమ్మాయ్' అనడం మొదలుపెట్టారు. ఊళ్లో పుట్టి పెరిగింది కాబట్టి కారణం అడక్కుండానే పలికింది.

స్టాంపులమ్మాయికి అర్థమైంది కంపెనీకి అర్థం కాలేదు. కథంతా అదే.

కంపెనీ అంటే, ఊరి వెనక చిత్తడి నేలంతా కొని, కంచె వేసి, టీ ట్రీ చెట్లను వరసల్లో పెంచి, ఆకు కోసి నూనె తీసే కంపెనీ. వెర్నా అమ్మమ్మ ఆ చిత్తడిలోనే ఆకు దూసుకొచ్చి, నలిపి, పుండ్ల మీద కట్టేది. జలుబు చేస్తే నలిపిన ఆకు ముక్కు దగ్గర పెట్టేది. ఇప్పుడు ఆ గేటుకి 'అనుమతి లేనిదే లోనికి రారాదు' అని బోర్డు ఉంది. బోర్డు కిందే ఇంకో చిన్న బోర్డు: 'ఈ నేల సంప్రదాయ సంరక్షకులకు మా వందనాలు'. వందనాలు అందుకోవడానికి ఆ సంరక్షకులు, అంటే వెర్నా వాళ్లు, గేటు బయటే నిలబడాలి.

కొన్నేళ్ల కిందట ఆ కంపెనీ తరఫున టోబీ అనే కుర్రాడు, చెప్పుల్లేకుండా, గడ్డం పెంచుకుని, సీసా మీదికి ఒక 'నిజమైన మొహం' కావాలని వచ్చాడు. అక్క సరేనంది. రొయ్యలతో భోజనం పెడతామన్నారని సరేనంది. ఆవిడ నల్లరంగు వేసిన జుట్టు చూసి వాళ్లు కాస్త ఇబ్బంది పడి, రంగు పోయేదాకా కడిగించి, నెరిసిన జుట్టు విరబోయించి, వాగులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబెట్టి ఫొటో తీశారు. బ్రాండు పేరు 'అమ్మమ్మ ఆకు'. కింద 'తరతరాల కేశ రహస్యం' అని వేశారు.

"పిల్లల్నే కనలేదు, నన్ను అమ్మమ్మని చేసేశారే!" అని అక్క కడుపు పట్టుకుని నవ్వింది. "నా కేశ రహస్యం సూపర్‌మార్కెట్లో మూడో వరసలో ఉంటుంది. ఊదా రంగు సీసా. పండగలప్పుడు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ."

అక్క ఆ నూనె వాసన భరించలేదన్న సంగతి టోబీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆదివాసులను ఉంచడానికి ప్రభుత్వం కట్టిన రిజర్వులో పెరిగిన ఆడపిల్లలకు ఆ వాసనంటే తలంటు కాదు, భయం. ప్రభుత్వ వెల్ఫేర్ వాళ్ల కారు వస్తుందని కబురు తెలిస్తే చాలు, అమ్మ తెల్లారకముందే ఇద్దరినీ లేపేది. తలలో ఒక్క పేను కనబడితే చాలు, ఈ తల్లి పిల్లల్ని సరిగ్గా చూడడం లేదని రాసుకుని, పిల్లల్ని కారెక్కించుకుని పోయేవాళ్లు. అందుకని ఆకు కోసేవాళ్ల బట్టలుతికి సంపాదించిన నూనెను అమ్మ ఏమీ కలపకుండా ఒట్టిదే తలలకు పట్టించేది. మాడు మండేది. నూనె కళ్లలోకి కారకుండా అక్క తన చెయ్యి వెర్నా నుదుటికి అడ్డం పెట్టేది. తన కళ్లకు ఎవరు అడ్డం పెట్టారో వెర్నాకి గుర్తు లేదు. కారు వచ్చేది, తలలు మెరిసేవి, కారు ఖాళీగా పోయేది. తరతరాల కేశ రహస్యం అనేది ఏదైనా ఉంటే అదీ.

అంత్యక్రియలయ్యాక వెర్నా మళ్లీ పనిలోకి వచ్చిన రోజున మొదటి తలంటు ఆల్ఫ్ డెనాహీది. ఆల్ఫ్ ఒకప్పుడు ఆ చిత్తడిలోనే కత్తితో ఆకు కోసి, ఇనప తొట్లో ఉడికించి నూనె తీసిన తెల్లాయన. ఇప్పుడు కాళ్లు పనిచేయవు. నోరు పనిచేస్తుంది.

"వెర్నా, సబ్బు నా కంట్లో పోస్తున్నావు. ఎటు చూస్తున్నావు నువ్వు?"

"గోడవైపు."

"గోడక్కూడా పోస్తావా తలంటు?"

అలమరలో ఎదురుగా అక్క నీళ్లలో నిలబడి నవ్వుతోంది. వెర్నా కళ్లు దించుకుని, తడి మోచేత్తో సీసాను నెట్టి వెనక్కి తిప్పింది. ఆల్ఫ్ అది చూశాడు. ఊళ్లోనే బతికినవాడు కాబట్టి, ఏమీ అనకుండా కాసేపు ఊరుకున్నాడు. ఊరుకోవడం అలవాటు లేని మనిషి కాబట్టి, ఎదురుగా ఉన్నది చదవడం మొదలుపెట్టాడు.

"'పలచన చేయకుండా చర్మానికి రాయరాదు'. ఓరి నాయనో! నేను పళ్లక్కూడా రాశాను గదే."

"అందుకే ఊడాయి."

"'మూత తీసి చాలాకాలం ఉంచిన నూనె వల్ల దద్దుర్లు రావచ్చు. మింగరాదు. పెంపుడు జంతువులకు వాడరాదు'. వెర్నా! మా కుక్క పోయింది దీనివల్లేనంటావా?"

"మీ కుక్క లారీ కింద పడింది ఆల్ఫ్."

"అంత పెద్ద లారీ కనబడనంత మైకం దానికి ఎందుకొచ్చిందీ?"

అలా ఆ పూట గడిచింది. వెర్నా స్నానాలగదులన్నిటికీ తిరిగి సీసాలన్నీ గోడవైపు తిప్పేసింది. మర్నాడు పొద్దున అన్నీ మళ్లీ ముందుకు తిరిగి ఉన్నాయి. హోము మేనేజరు బ్రాన్విన్ పిలిపించింది.

బ్రాన్విన్ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే పని సులువయ్యేది.

"వెర్నా తల్లీ, నీ బాధ నాకు తెలుసు. కానీ లేబుళ్లు ముందుకే ఉండాలి. తనిఖీవాళ్లు వస్తే తప్పు రాస్తారు."

"వెనకున్నది కూడా లేబులే కదమ్మా."

"వెనకది కాదు, ముందుది. ఏ సీసా ఏదో చూడగానే తెలియాలి."

"నాకు చూడగానే తెలుస్తోంది. అదే నా బాధ."

హోములో అందరూ 'సాంస్కృతిక గౌరవం' మీద కంప్యూటర్లో ఒక పాఠం ఏటా పూర్తి చెయ్యాలి. మరణించినవారి బొమ్మలను వారి బంధువులకు చూపవచ్చునా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. బ్రాన్విన్ దానికి సరైన జవాబే పెట్టింది. ఆ సర్టిఫికెట్ ఆవిడ వెనక గోడకే వేలాడుతోంది. వెర్నా దానివైపు చూసింది. బ్రాన్విన్ కూడా తిరిగి చూసింది.

"అది ఫొటోల సంగతి వెర్నా," అంది బ్రాన్విన్ కాస్త ఎర్రబడి. "ఇది షాంపూ సామాను."

హోములో తిప్పితే హోము ఒప్పుకోదు. ఇంటికి పోదామంటే దారిలో మందుల షాపు అద్దాల వెనక అక్క వరసగా నిలబడి ఉంది. బస్సు వెనక అక్క ఉంది. ఎక్కడ చూసినా అక్క ఉంటే, అక్క వెళ్లేదెప్పుడు? ఏడుద్దామని ఇంట్లో కూర్చుంటే వెర్నాకు ఏడుపు కూడా రాలేదు. మనిషి ఇంకా వెళ్లకుండానే ఏడిస్తే మర్యాదగా ఉండదన్నట్టు, అది లోపలే ఆగిపోయింది.

వెర్నా టోబీకి ఫోను చేసింది. టోబీ చాలా బాధపడ్డాడు. ఫోనులోనే రెండు నిమిషాలు మౌనం పాటించాడు. మూడోరోజున కేకు పట్టుకుని ఇంటికొచ్చాడు. వెర్నా పిన్ని కూతురు డాట్, మాట పడని మనిషి, ఆ వేళకి అక్కడే ఉంది.

"ఆంటీ, మా టీమంతా కూర్చుని ఆలోచించాం. టీవీలో వేస్తారు చూడండి, 'ఇందులో మరణించిన వ్యక్తుల చిత్రాలు ఉండవచ్చు' అని. అలాంటి హెచ్చరిక సీసా మీద వేస్తాం."

"సీసా మీద ఎక్కడ?" అంది డాట్.

"వెనకాల."

డాట్ కేకు నములుతూ నములుతూ ఆగింది. "అంటే ముందు మొహం చూసి, తరవాత సీసా తిప్పి, చూడొద్దని చదువుకోవాలా నాయనా?"

"ముందు వైపు చోటు లేదు ఆంటీ. ముందంతా ఆవిడే ఉన్నారు కదా."

"చోటు లేనిది ఆవిడ వల్లే అయితే, ఆవిణ్ణి తీసేస్తే చోటొస్తుంది."

టోబీ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆవిడ బ్రాండుకి ఆత్మ అన్నాడు. ఇంకో ఆలోచన కూడా ఉందంటూ ఫోనులో ఒక బొమ్మ తీసి చూపించబోయాడు. అక్క జ్ఞాపకార్థం ప్రత్యేకమైన సీసా, బంగారు మూత, మొహం ఇప్పటికన్నా పెద్దదిగా.

వెర్నా చేత్తో కళ్లు మూసుకుంది. "బాబూ, నువ్వు మంచివాడివే," అంది. "ఆ ఫోను లోపల పెట్టుకుని, కేకు ఇక్కడ పెట్టి, వెళ్లు."

అతను వెళ్లాక డాట్ తలుపు వేసి వచ్చింది.

"లాయరు దగ్గరికి పోదామా?" అంది డాట్.

"ఆవిడ సంతకం పెట్టింది. రొయ్యలు తింటూ పెట్టింది."

"మరేం చేద్దాం?"

"ఇంట్లో అయితే ఏం చేస్తాం?"

"తిప్పేస్తాం."

"అయితే తిప్పేద్దాం. మనం ఉండే చోటంతా మన ఇల్లేగా."

మర్నాడు ఇద్దరూ మందుల షాపుకి వెళ్లి, అర చివర మొదలుపెట్టి, తలలు పక్కకి తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ, సీసాలన్నీ గోడవైపు తిప్పేసి, దగ్గుమందు కొనుక్కుని వచ్చారు. తరవాత సూపర్‌మార్కెట్. డాట్ ఫోను చేస్తే కసీనో అనే ఊళ్లో చెల్లెళ్లు, లిస్మోర్‌లో కోడళ్లు, సముద్రం ఒడ్డున బాలినాలో ఉన్న మేనకోడళ్లు కూడా మొదలుపెట్టారు. ఆ కుటుంబం ఎంత పెద్దదో ప్రభుత్వానికి ఎన్ని జనాభా లెక్కలకీ అంతుపట్టలేదు గానీ, షాపులవాళ్లకు వారంలో తెలిసిపోయింది. పొద్దున వాళ్లు ముందుకు తిప్పడం, మధ్యాహ్నానికి ఎవరో పెద్దావిడ వచ్చి వెనక్కి తిప్పడం.

షాపువాళ్లు ఫిర్యాదు చేస్తే కొత్తగా వచ్చిన కానిస్టేబులు వెర్నా ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చుని టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు సీసాలు పగలగొట్టారా?"

"లేదు."

"ఎత్తుకెళ్లారా?"

"లేదు. తిప్పాను."

సీసా తిప్పడం ఏ సెక్షను కిందికి వస్తుందో అతనికి తెలియలేదు. తెలుసుకోవాలని ఉన్నట్టు కూడా కనబడలేదు. వెర్నా అతని భుజాల వైపు చూస్తోంది.

"నాయనా, నీకు చుండ్రు బాగా ఉంది."

"టోపీ వల్ల ఆంటీ," అన్నాడతను సిగ్గుపడి. "ఆ నూనే రాస్తున్నాను. ఇంకా మండుతోంది."

"ఒట్టి నూనే?"

"ఒట్టిదే. 'ప్రకృతిసిద్ధం' అని ఉందిగా."

"అది ముందువైపు. వెనకవైపు చదవలేదా?"

చదవలేదు. చదివినవాళ్లెవరూ లేరని నెమ్మదిగా తెలియవచ్చింది. ఇన్నాళ్లూ జనం ముందున్న నవ్వుమొహాన్ని చూసి నమ్మకంగా కొనుక్కుపోయి, పసిపిల్లల మాడుకి, పిల్లుల ఒంటికి, మొటిమలకి, పుక్కిలించే నీళ్లకి ఇష్టం వచ్చినట్టు వాడుకున్నారు. నల్లజాతి అమ్మమ్మ అంత దయగా నవ్వుతుంటే అందులో మండేదేముంటుంది? ఇప్పుడు షాపుకి వెళ్తే అమ్మమ్మ లేదు. అరంతా 'రాయరాదు, మింగరాదు, వాడరాదు' అని బారులు తీరి నిలబడి ఉంది. జనం కళ్లజోళ్లు పెట్టుకుని చదివారు. చదివి, కౌంటరు దగ్గరికి పోయి ప్రశ్నలు వేశారు. కొందరు పాత సీసాలు వెనక్కి తెచ్చారు. ఒకావిడ పిల్లిని కూడా తెచ్చింది.

ఒక ఇంటి దుఃఖం చెప్పుకుంటే కదలని కంపెనీ, చిన్నచిన్న అక్షరాలు నలుగురూ చదివేసరికి కదిలింది. కొద్ది వారాల్లో కొత్త లేబుల్ వచ్చింది. మొహం లేదు. ఒక పచ్చటి ఆకు, కింద 'తరతరాల కేశ రహస్యం'. ఎవరి తరాలు అన్న ప్రశ్నకు ఇక చోటే లేకుండా పోయింది. ప్రాంతీయ పత్రికలో టోబీ ఫొటో, 'సంప్రదాయ సంరక్షకుల మనోభావాలను గౌరవిస్తూ మా సంస్థ స్వచ్ఛందంగా తీసుకున్న నిర్ణయం' అని వార్త పడింది. ఆ గౌరవానికి గాను వాళ్లకు ఒక బహుమతి కూడా వచ్చింది. సభలకు ఆ నేలవాళ్లు స్వాగతం పలకడం ఆనవాయితీ కాబట్టి, బహుమతి సభలో స్వాగతం చెప్పడానికి రమ్మని వెర్నాను పిలిచారు.

"పోతావా?" అంది డాట్.

"పాత సీసాలు ఏం చేస్తారో అడగాలి. అందుకు పోతాను."

అడిగింది. గోదాములో ఇంకా గుట్టలుగా ఉన్నాయట. పారేస్తే నష్టం కాబట్టి విదేశాలకు పంపేస్తారట. "అక్కడ ఆవిడెవరో ఎవరికీ తెలియదు ఆంటీ, ఎవరూ బాధపడరు," అని టోబీ ధైర్యం చెప్పాడు.

చేతిలో మైకు ఉన్నప్పుడే వెర్నాకు ఒక ఉపాయం తట్టింది. "ఈ కంపెనీ వాళ్లకు మేమూ ఒక బహుమతి ఇద్దామనుకుంటున్నాం," అంది సభతో. "పాత సీసాల లేబుళ్లు మా ఆడవాళ్లం ఊరికే ఒలిచిపెడతాం. పెట్టెలు మా ఇంటికి పంపించండి."

జనం చప్పట్లు కొట్టారు. ఊరికే అన్న మాట కంపెనీకి కూడా నచ్చింది.

పెట్టెలు లారీలో వచ్చాయి. ఆడవాళ్లు వసారాలో వరసగా కూర్చుని, ఒళ్లో సీసా పెట్టుకుని, కళ్లు చెట్లవైపు పెట్టి, వేళ్లతో లేబులు అంచు వెతుక్కున్నారు. జిగురు గట్టిది. వేడినీళ్లకి లొంగలేదు, సబ్బుకి లొంగలేదు. చాకు పెడితే మొహం చిరుగుతుంది, అది పెట్టబుద్ధి కాలేదు. ఎవరి చేతిలోనో మూత ఊడి నూనె కారింది. కారినచోట లేబులు దానంతటదే జారి వచ్చేసింది.

"ఓసి దీని దుంప తెగ!" అంది డాట్. "దీనికి లొంగేది ఇదేనా?"

సీసాలోని నూనే గుడ్డ మీద పోసి, సీసా మీదే రుద్దారు. అక్క చిరక్కుండా, ముడతపడకుండా వచ్చేసింది. టోబీ వీడియో తీసుకుంటానని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి డాట్ ఒళ్లో ఒక పెట్టె పెట్టింది. కళ్లు చెట్లవైపు పెట్టి రుద్దమంది. కాసేపు రుద్దాక అతను ఫోను సంగతి మరిచిపోయాడు. ఊడివచ్చిన మొహాలన్నీ చూడకుండా గోనెసంచుల్లోకి వేసి, సాయంత్రం నది ఒడ్డున పచ్చి ఆకుతో పొగ పెట్టి కాల్చేశారు. వెర్నా పొగవైపు తిరిగి తమ భాషలో నాలుగు మాటలు చెప్పింది. వెళ్లిరా అని, ఇంకెవరూ ఆపరని.

ఆ తరవాతి సోమవారం ఆల్ఫ్ కుర్చీ వెనక నిలబడి వెర్నా చేతి తొడుగులు వేసుకుంటుంటే ఆయన అద్దంలోంచి చూశాడు.

"చేతులకేమైంది? ఉడకబెట్టిన పీతల్లా ఉన్నాయి."

"ఒట్టి నూనెతో రెండ్రోజులు పని చేశాను."

"వెనకాల రాసుందిగా!"

"చదవలేదు ఆల్ఫ్. నేను ముందుదాని గొడవలో ఉన్నాను."

ఆయన నవ్వాడు. వెర్నా కూడా నవ్వింది. నవ్వుతూ గిన్నెలో షాంపూ పోసింది, చుక్కలు కలిపింది, ఆయన నెత్తిన చెయ్యి పెట్టింది. అక్కడితో నవ్వు ఆగి, ఇన్నాళ్లూ రానిది వచ్చింది. సింకు అంచు పట్టుకుని వంగిపోయి, గొంతు దాచుకోకుండా ఏడ్చింది. నడవలో వెళ్తున్న బ్రాన్విన్ ఆగి లోపలికి తొంగిచూసింది.

"ఏం లేదు, ఏం లేదు," అన్నాడు ఆల్ఫ్ కళ్లు గట్టిగా మూసుకుని. "నా కంట్లో సబ్బు పడింది. తలుపెయ్యి."